కొంగలమ్మ కెమెరా

ఆ వేసవి మొదట్లో మా భోజనాల బల్ల మీద ఎవరూ భోంచెయ్యలేదు. దాని నిండా కెమెరా సామానే. లెన్సులు, బ్యాటరీలు, కార్డులు, వానకి కప్పే ముసుగులు, ముక్కాలి స్టాండు. మేం ముగ్గురం కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తినేవాళ్ళం. పొరపాటున ఎవరైనా ఆ బల్ల మీద నీళ్ళగ్లాసు పెడితే మా అత్తగారు ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచేవారు.

మా అత్తగారు పక్షుల వీడియోలు తీస్తారు. అందులోనూ కొంగలు. ఊరి చివర చిత్తడి నేలలో చలికాలమంతా దిగి ఉండే పెద్ద బూడిదరంగు కొంగల్ని నేను ఆ ఇంటి కోడల్ని కాకముందునుంచే తీస్తున్నారు. వీధిలో ఆవిడ పేరు కొంగలమ్మ. ఎదురుగానే అలా పిలుస్తారు. "పోనీలే, ఉత్తి కొంగ అనలేదు" అని ఆవిడే నవ్వేస్తారు.

ఆ చలికాలం చివర ఆవిడకి పరాయి దేశం నుంచి పిలుపొచ్చింది. ఈ కొంగలు ఎండాకాలం పోయి గుడ్లు పెట్టే చలిదేశంలో, ఒక బృందం వాటి మీద సినిమా తీస్తోంది. ఇక్కడ వాటిని ఇన్నేళ్ళు వెంటాడిన మనిషి కాబట్టి ఆవిణ్ణి రమ్మన్నారు. వేసవంతా అక్కడే ఉండాలి. సాయానికి ఒకర్ని తెచ్చుకోవచ్చు. కెమెరా మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

"ఇన్నేళ్ళూ వాటిని అత్తారింట్లోనే చూశాను. ఒక్కసారి పుట్టింట్లో కూడా చూసొస్తాను" అన్నారు మా అత్తగారు.

"సాయానికి ఎవర్ని తీసుకెళ్తావు?" అని మా ఆయన అడిగారు.

"ఇంకెవర్ని? నీ పెళ్ళాన్ని" అన్నారావిడ, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పెళ్ళికి ముందు నేను ఒక స్టూడియోలో ఫొటో ఆల్బమ్‌లు తయారుచేసేదాన్ని. కాపరానికొచ్చిన కొత్తలో ఒకసారి అత్తగారి కెమెరా ముట్టుకోబోతే, "ఆల్బమ్ చేతులు దాని మీద పెట్టకు" అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. అలాంటిది కిందటి వానాకాలం నుంచి ఉన్నట్టుండి ఆవిడ మారిపోయారు. "ఫోకస్ నువ్వు చూడు" అనేవారు. "తెర మీద ఏముందో పైకి చెప్పు. నీకు చూడ్డం వచ్చో రాదో నాకు తెలియాలి" అనేవారు. నేను చెప్పేదాన్ని. ఎడమ పక్క రెండున్నాయి, ఒకటి మెడ దించింది, వెనక నీటి మీద మెరుపు ఎక్కువగా ఉంది. తప్పు చెప్తే తిట్లు. సరిగ్గా చెప్తే ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడం కోసం నేను పొద్దున్నే లేచి మోకాటి లోతు బురదలో కూర్చునేదాన్ని.

మా ఆయన లిఫ్టుల మెకానిక్. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరగడమే ఉద్యోగం. ఇంటికొచ్చాకా అదే పని. మేడ మీద గదిలో అమ్మ, కింద నేను, మధ్యలో మెట్లు. అత్తాకోడళ్ళం ఒక మాట మీద ఉండటం చూసి ఆయన ప్రాణం కుదుటపడింది. "హమ్మయ్య, అడకత్తెరలోంచి పోకచెక్క బయటపడింది" అన్నారు.

కస్టమ్స్ కాగితం సంగతి అత్తగారే పట్టుబట్టారు. ఆవిడ పాత స్నేహితుడొకాయన ఉన్నారు, మేం గడ్డపాయన అంటాం, ఆయనా కెమెరామనే. విదేశం వెళ్ళి తిరిగొచ్చినప్పుడు విమానాశ్రయంలో ఆయన సొంత కెమెరానే "ఇది అక్కడ కొన్నారు, సుంకం కట్టండి" అని పట్టుకున్నారు. ఇక్కడినుంచి తీసుకెళ్ళిందేనని చూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. కెమెరా వానాకాలమంతా గోడౌన్లో పడి ఉంది. తీరా వదిలిపెట్టేసరికి లెన్సుల లోపల బూజు సాలెగూడులా పాకిపోయింది. వెళ్ళే ముందే సామానంతా కస్టమ్స్ వాళ్ళకి చూపించి, ఒక్కోదాని మీదా ఉన్న నంబరు రాయించి ముద్ర వేయించుకుంటే ఆ గొడవ ఉండదు.

"నా కెమెరా నాదేనని ఇంకొకళ్ళ చేత రాయించుకోవాల్సొచ్చింది. కలికాలం" అని గొణుక్కుంటూనే ఆవిడ తారీఖు ఖాయం చేశారు.

సామానులో ఒక్కటే కొత్తది. పొడుగు లెన్స్. పాతదాన్ని ఆ మధ్య అత్తగారు బల్ల అంచు మీద పెట్టబోయి గాల్లో పెట్టారు. పడి పగిలింది. కంపెనీ వాళ్ళు బాగుచెయ్యడం కుదరదని, దాని బదులు అలాంటిదే ఇంకొకటి ఇచ్చారు. నేనే వెళ్ళి తెచ్చాను. "మార్చి ఇచ్చారత్తయ్యా" అని చెప్పాను కూడా. "సరే, పెట్టెలో సర్దు" అన్నారు. కస్టమ్స్ కోసం నంబర్లన్నీ నేనే ఒక మధ్యాహ్నం వస్తువు వస్తువూ తిప్పి చూసి రాసిపెట్టాను.

కస్టమ్స్ ఆఫీసు విమానాశ్రయం వెనక, సరుకుల గోడౌన్ల పక్కన ఉంది. రేకుల కప్పు కింద పొడుగాటి గది, ఎండకి పెనంలా కాలిపోతోంది. బల్ల వెనక ఒక ఇన్‌స్పెక్టరు. కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. మా ముందున్న మనిషి ఏదో కొలతల యంత్రం తెచ్చాడు.

"నంబరెక్కడుంది, చూపించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ మనిషి యంత్రాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చొక్కా చేతులతో చెమట తుడుచుకున్నాడు.

"ఎవరి సామానండీ ఇది?"

"నాదేనండీ."

"మీదే అయితే మీకు తెలియాలిగా? ఇంకొకరి సామాను మోసేవాళ్ళకే నంబరు దొరకదు." యంత్రం బల్లకి అవతలి పక్కకి వెళ్ళిపోయింది. ఆ మనిషి గోడ వారగా ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు.

మా వంతు వచ్చింది. అత్తగారు నిటారుగా నిలబడ్డారు. నేను పెట్టెలు తెరిచి ఒక్కోటీ ఆవిడ చేతికిచ్చాను. ఇన్‌స్పెక్టరు ముందు మా జాబితా ఉంది.

"నంబరు మీరు చదవండమ్మా. నేను టిక్కు పెట్టుకుంటాను" అన్నాడు.

అత్తగారు కెమెరా బాడీని తిరగేసి, బొటనవేలితో అడుగున తడిమి, నంబరు గడగడా చెప్పారు. టిక్కు. చిన్న లెన్స్ చెప్పారు. టిక్కు. నడిమి లెన్స్. టిక్కు. గోడ వారన కూర్చున్న మనిషి కూడా మెచ్చుకోలుగా చూశాడు. నాకైతే గర్వంతో మెడ సాగింది.

పొడుగు లెన్స్ ఇచ్చాను. ఆవిడ దాన్ని తిప్పి, స్టాండుకి బిగించే కాలు పక్కన వేలు ఆనించి, అదే వేగంతో నంబరు చెప్పారు.

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది.

"మళ్ళీ చదవండి."

ఆవిడ మళ్ళీ చెప్పారు. ఈసారి కొంచెం గట్టిగా, వినపడని వాళ్ళకి చెప్పినట్టు. అదే నంబరు.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. లెన్స్ అందుకుని నంబరు చూశాడు, జాబితా చూశాడు. నేనూ చూశాను. నల్లటి లోహం మీద తెల్లటి అంకెలు, బియ్యపు గింజలంత స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ చెప్పినదానికీ ఉన్నదానికీ ఎక్కడా పొంతన లేదు. ఆవిడ చెప్పింది పగిలిపోయిన లెన్స్ నంబరు.

"మూడోసారి చదవండమ్మా" అని ఆయన లెన్స్ తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

అప్పుడు నేను అత్తగారి మొహంలోకి చూశాను. ఆవిడ లెన్స్ వైపు చూడట్లేదు. తల కొంచెం పక్కకి తిప్పి, ఇన్‌స్పెక్టరు చెవి వెనక ఎక్కడో గోడని చూస్తున్నారు. పెదవులు కదిలాయి. ఇన్నేళ్ళలో ఆవిడ మాట దొరక్క నిలబడటం నేను చూడలేదు.

బురదలో గడిపిన పొద్దులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఫోకస్ నువ్వు చూడు. తెర మీద ఏముందో పైకి చెప్పు.

"సార్, అది కంపెనీ వాళ్ళు మార్చి ఇచ్చిన లెన్సండీ" అన్నాను. "ఆవిడకి పాత నంబరే నోటికి అలవాటు. అదే వచ్చేసింది."

"అలవాటైన నంబరు చెప్పమన్లేదమ్మా. ఉన్న నంబరు చదవమన్నాను."

ఆయన కసురుకోలేదు, అరవలేదు. లెన్స్ తన పక్కకి పెట్టుకున్నాడు. "మార్చి ఇచ్చినట్టు కంపెనీ కాగితం తీసుకురండి. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది. మిగతావీ అప్పుడే చూద్దాం" అన్నాడు.

టాక్సీలో అత్తగారు ఖాళీ లెన్స్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"కిటికీలోంచి ఎండ మొహాన కొట్టింది" అన్నారు చివరికి.

నేను ఊఁ అన్నాను. కిటికీ ఆవిడ వెనక ఉంది.

ఇల్లు వస్తుండగా, "వాడికి చెప్పకు" అన్నారు. ఎండ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు మా ఆయన పనికి వెళ్ళాక నేను మేడ మీదికి వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఖాళీ చేతులతో ఉన్నారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"ఏది?"

నేను కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను. ఆవిడ కొంచెంసేపు చూశారు, వేరే దారి లేదని తెలిసినట్టు నిట్టూర్చారు.

"ముందు గుమ్మం వంకరపోయింది" అన్నారు. "వడ్రంగిని తిట్టాను కూడా. తర్వాత కరెంటు స్తంభాలు వంగాయి. అప్పుడు తెలిసింది, వంగింది అవి కాదని. ఇప్పుడు నడుమ ఏదీ ఉండదు. పక్కలే ఉంటాయి. నడుస్తాను, మెట్లు దిగుతాను, ఎవరొస్తున్నారో తెలుస్తుంది. కానీ దేన్ని చూద్దామనుకుంటే అదే మాయమైపోతుంది. నీ వైపు చూస్తే నీ చెవులుంటాయి, జడ ఉంటుంది. మొహం ఉండదు."

జాలి పడాల్సింది. ముందు కోపమే వచ్చింది. ఏం చెయ్యను, మనిషిని.

"మీరు నాకు నేర్పిస్తున్నారనుకున్నాను. ఇంట్లో పనంతా తెమిల్చుకుని మీ వెనక పరిగెత్తాను. మెచ్చుకుంటారేమోనని కాదు, తిట్టకపోతే చాలని. తీరా చూస్తే మీకు కావలసింది ఒక జత కళ్ళు. అంతేగా?"

"మొదట్లో అంతే" అన్నారావిడ. అబద్ధం ఆడలేదు. "కార్డు మార్చడానికి, ఫోకస్ చూడ్డానికి ఎవరో ఒకరు కావాలి. నువ్వు దగ్గరున్నావు. తర్వాత ఎప్పుడో నువ్వు చెప్పేది వింటుంటే, నేను చూసినప్పటికంటే ఎక్కువ కనబడటం మొదలైంది. అప్పట్నుంచి నేర్పాను. అది ఏ రోజున మారిందో నన్నడగకు, నాకూ తెలీదు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే కెమెరా లాక్కుని నన్ను కుర్చీలో కూర్చోబెడతారు. ఒకసారి కూర్చోబెట్టారంటే ఇక లేవనివ్వరు."

తర్వాతి రోజుల్లో నేను కంపెనీ వాళ్ళ చుట్టూ తిరిగాను. ఫోన్ చేస్తే ఇంకో నంబరుకి చెయ్యమనేవారు, అక్కడికి చేస్తే మొదటి నంబరే ఇచ్చేవారు. ప్రయాణం దగ్గరపడుతోంది. లెన్స్ ఆ రేకుల కొంపలో పడి ఉంది. ఇంట్లో మా ఆయన ఏదో పసిగట్టారు. అత్తాకోడళ్ళు పోట్లాడుకుంటే ఆయనకి అలవాటే. ఒకళ్ళతో ఒకళ్ళు మెత్తగా మాట్లాడుకోవడం చూసి భయపడ్డారు.

"కస్టమ్స్‌కి ఈసారి నేనూ వస్తాను. ఏం ఇబ్బంది పెడుతున్నారో కనుక్కుంటాను" అన్నారు ఒక సాయంత్రం, కంచం ఒళ్ళో పెట్టుకుని.

నేను తలెత్తలేదు. అత్తగారు మజ్జిగ కలుపుకుంటున్నారు.

"వాళ్ళ ఇబ్బందేం లేదురా. నాకు చూపు పోతోంది" అన్నారు.

మా ఆయన ముందు నవ్వారు. తర్వాత నా మొహం చూశారు. నవ్వు ఆగిపోయింది. లేచి చెయ్యి కడుక్కొచ్చి, మళ్ళీ అదే చోట కూర్చుని, "నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అని నన్నడిగారు. ఆవిణ్ణి కాదు, నన్ను. ఆ తర్వాత చాలారోజులు ఆయన నాతో అవసరమైనంతే మాట్లాడారు.

కంటి డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. కంటి వెనక పొర దెబ్బతింటోందట. ఎడమ కన్ను చెయ్యి దాటిపోయింది. కుడికన్నుకి నెలనెలా ఇంజక్షన్ ఇస్తే ఉన్న చూపు నిలబడొచ్చు. వదిలేస్తే వేసవి చివరికి అదీ ఎడమదాని దారే పడుతుంది.

"వేసవి అయ్యాక మొదలుపెడితే?" అని అడిగారు అత్తగారు.

"అప్పటికి నిలబెట్టడానికి ఏమీ మిగలదమ్మా" అన్నాడాయన.

మేం వెళ్ళాల్సిన సరస్సు దగ్గర ఊరే లేదు, ఇక ఆస్పత్రి సంగతి చెప్పేదేముంది? ఇంటికొచ్చిన దగ్గర్నుంచి తల్లీకొడుకుల మధ్య అగ్గి రాజుకుంది.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళట్లేదు" అన్నారు మా ఆయన.

"కొంగలు ఇప్పటికే వెళ్ళిపోయాయిరా."

"అమ్మా, వేళాకోళం కాదు. ఉన్న కన్ను కాపాడుకోవాలి."

"కాపాడుకుని ఏం చెయ్యను? ఈ గోడలు చూడనా? ఇన్నాళ్ళు దేన్ని చూడాలని బతికానో దాన్ని ఒక్కసారి చూసి, తర్వాత పోతే పోనీ."

"మమ్మల్ని చూడు."

"మీ మొహాలు ఎలాగూ కనపడట్లేదు."

ఆ మాటకి మా ఆయన మెట్లు దిగి కిందికొచ్చేశారు. వంటింట్లో నా పక్కన నిలబడ్డారు. "నువ్వు వెళ్ళనని చెప్పు" అన్నారు. "నువ్వు లేకుండా ఆవిడ కెమెరా ఆన్ కూడా చెయ్యలేదు. నువ్వు మానేస్తే ఆవిడా మానేస్తుంది. అంతా నీ చేతిలోనే ఉంది."

నా చేతిలో ఉండటం నాకిష్టం లేదు. అంతకంటే నేనెవరికీ చెప్పనిది ఇంకోటుంది. నాకు వెళ్ళాలని ఉంది. ఆవిడతో కాకపోతే ఆవిడ లేకుండా అయినా సరే. బట్టలు ఉతుకుతుంటే ఆ సరస్సు, అన్నం వారుస్తుంటే ఆ సరస్సు. ఇంట్లో ఒక మనిషి కన్ను పోతుంటే నాకీ యావేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అయినా పోయేది కాదు.

కంపెనీ కాగితం చివరికి వచ్చింది. మళ్ళీ కస్టమ్స్ ఆఫీసుకి వెళ్ళే రోజు, టాక్సీ కోసం గుమ్మంలో నిలబడి ఉండగా చెప్పేశాను.

"అత్తయ్యా, ఆ సరస్సుకి నేను రావట్లేదు. మీ కన్ను పోవడానికి నేను సాయం పట్టను."

తిడతారనుకున్నాను. ఆవిడ పెట్టె బెల్టు భుజానికి సరిచేసుకున్నారు.

"వాడు చెప్పమన్నాడా?"

"ఆయన చెప్పమన్నారు. కానీ చెప్తున్నది నేనే."

"సరే, ముందు లెన్స్ తెచ్చుకుందాం పద. దానికి బూజు పట్టిస్తే ఎవరికి లాభం?" అన్నారు. దారి పొడుగునా ఇంకో మాట లేదు.

అదే గది, అదే ఇన్‌స్పెక్టరు. మిగతావీ చూస్తానన్నాడు కాబట్టి కెమెరా, లెన్సులు, బిల్లులు అన్నీ బల్ల మీద పెట్టాం. కాగితం చదివి, లోపలికెళ్ళి లెన్స్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను మూత తీసి వెలుతురుకి ఎత్తి చూశాను. లోపల శుభ్రంగా ఉంది.

"మొత్తం మళ్ళీ మొదట్నుంచి చూద్దాం" అన్నాడాయన కొత్త దరఖాస్తు తీసి. "ప్రయాణం చేసేది ఎవరు?"

అది ఆయన అందర్నీ అడిగే ప్రశ్నే. నేను అత్తగారి వైపు చూశాను. మాకు సామాను ఇప్పుడు ఏ ప్రయాణం కోసమూ అక్కర్లేదు, లెన్స్ తీసుకుని ఇంటికి పోవడమే. ఆ మాటే చెప్తారనుకున్నాను.

"ఈ అమ్మాయి" అన్నారావిడ.

"మీరు కాదా?"

"కాదు. మా కోడలు. కెమెరా పనంతా తనదే."

ఇన్‌స్పెక్టరు బిల్లులు తిరగేశాడు. "ఇవన్నీ మీ పేరు మీద ఉన్నాయే? సామాను తనదైతే మీరు ఇచ్చినట్టు రాసివ్వాలి."

"రాయండి, సంతకం పెడతాను."

"వాడుకోడానికి ఇచ్చినట్టా, పూర్తిగా ఇచ్చేసినట్టా?"

అత్తగారు బల్ల మీద చెయ్యి చాపి కెమెరా ఎక్కడుందో చూసుకున్నారు. దాని మీద అరచెయ్యి ఆనించి, తీసేశారు.

"ఇచ్చేసినట్టే రాయండి" అన్నారు.

ఆయన రాసి కాగితం ఇటు తిప్పాడు. ఆవిడ పెన్ను పట్టుకున్నారు కానీ చెయ్యి గీతకి పైన గాల్లో వెతుక్కుంది. ఇన్‌స్పెక్టరు ఆ చెయ్యినీ, ఆవిడ మొహాన్నీ చూశాడు. సొరుగులోంచి స్కేలు తీసి గీత కింద అడ్డంగా పెట్టి, ఆవిడ వేలిని దాని అంచుకి ఆనించాడు.

"ఇక్కడమ్మా" అన్నాడు మెల్లిగా.

ఆవిడ స్కేలు వెంబడే సంతకం చేశారు. తిన్నగా వచ్చింది.

"ఇప్పుడు మీరు చదవండి" అన్నాడు నాతో.

నేను చదివాను. పొడుగు లెన్స్ దగ్గరికొచ్చేసరికి అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. టిక్కు పడింది. ముద్ర పడింది.

బయట గోడ నీడలో నిలబడ్డాం. టాక్సీ ఇంకా రాలేదు.

"నన్నొక్క మాట అడగలేదు మీరు" అన్నాను.

"అడిగితే ఏం చెప్పేదానివి?"

వెళ్ళనని చెప్పాలి. పద్ధతి అదే. మీ కంటికి ఇంజక్షన్లు ఇప్పించకుండా, మీకు నీళ్ళందించకుండా నేనెక్కడికి పోతానని అనాలి.

"వెళ్తాననేదాన్ని" అన్నాను.

"మరింకేం" అన్నారావిడ. ఆ తర్వాత అటు తిరిగిపోయారు. పమిట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. టాక్సీవాడు వచ్చి హారన్ కొట్టినా కదల్లేదు. నేను పెట్టెలు ఎక్కించి, డోరు పట్టుకుని నిలబడ్డాను.

ఆ రాత్రే ఆవిడ సినిమా బృందానికి ఫోన్ చేశారు. తన బదులు కోడలు వస్తుందనీ, తనకంటే బాగా చూస్తుందనీ చెప్పారు. వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. నేను తీసినవి పంపించమన్నారు. కిందటి చలికాలపు వీడియోల్లో ఏవి నావో ఏవి ఆవిడవో వేరుచెయ్యడానికి కూర్చుంటే, దాదాపు అన్నీ నావే అని తేలింది. ఆవిడకి ఎంత గుచ్చుకుందో తెలీదు. "పంపించు, పంపించు. తొందరగా పంపించు" అన్నారు. ఒప్పుకున్నామని జవాబు వచ్చేదాకా తిండి సరిగ్గా తినలేదు.

మా ఆయన నన్ను విమానం ఎక్కించడానికి వచ్చారు. అప్పటికీ ముక్తసరిగానే ఉన్నారు. లోపలికి వెళ్ళబోతుంటే కస్టమ్స్ కాగితం ఎక్కడుందని అడిగి, నా సంచీలోంచి తీయించి, లోపలి జేబులో పెట్టించి, దానికి పిన్నీసు గుచ్చారు. "అమ్మ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ పని చూసుకో" అన్నారు. ఆ పిన్నీసు పెడుతున్నప్పుడే నాకు తెలిసింది, కోపం పోయిందని.

ఆ వేసవి వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, మధ్యలో నేను లేకుండా గడిపారు. ఆయన వంట నేర్చుకున్నారు. ఆవిడ మేడ మీద గది వదిలి కిందికొచ్చేశారు. నెలనెలా ఇంజక్షన్‌కి తీసుకెళ్ళేది ఆయనే. కంట్లోకి సూది అంటే ఆవిడకంటే ఆయనే ముందు కళ్ళు మూసుకునేవారట. కుడికన్ను నిలబడింది. ముందున్నంత కాదు, కానీ మనిషి తన పని తను చేసుకునేంత. నేను తిరిగొచ్చేసరికి భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు వేసుకుని తింటున్నారు.

కానీ ఆ వేసవి అంటే నాకు గుర్తొచ్చేది ఆ సరస్సు ఒడ్డున ఒక సాయంత్రం. వెళ్ళిన కొత్త. మంచు కరిగిన నీళ్ళు, మోకాళ్ళ ఎత్తు రెల్లు, చేతులు కొయ్యబారే చలి. చాలారోజులు కొంగలు దూరంగానే ఉండిపోయాయి. ఆ సాయంత్రం ఎందుకో ఒక జంట ఈ ఒడ్డుకి వచ్చింది. వెనకే ఇంకో జంట. చూస్తుండగానే రెల్లు నిండా బూడిదరంగు మెడలు లేచాయి. సిగ్నలు వస్తూ పోతూ ఉండే ఆ చోటునుంచే ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, వచ్చేశాయి" అన్నాను గుసగుసగా.

"ఎన్ని? ఎటు తిరిగున్నాయి? గాలెటు? పిల్లలున్నాయా? సరిగ్గా చెప్పి చావు."

చెప్పబోయాను. అంతలో ఒకటి మెడ పైకెత్తి అరిచింది. దాని జోడీ అందుకుంది. ఆ తర్వాత సరస్సు మొత్తం ఒక్కసారిగా ఎత్తుకుంది. చిత్తడి నేలలో చలికాలం వినే అరుపు కాదది. నేనెప్పుడూ వినలేదు. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, చెయ్యి చాపి, నీళ్ళ వైపు పట్టుకున్నాను. అవి ఆగేదాకా అలాగే ఉన్నాను.

మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే అవతల ఏమీ వినపడలేదు. లైను పోయిందనుకున్నాను.

"అత్తయ్యా?"

ఊపిరి వినపడింది. ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు, ఎప్పటిలాగే విసుగ్గా.

"ఇంకా ఫోన్ పట్టుకుని నిలబడ్డావా? వెలుతురు పోతుంది. పెట్టేసి కెమెరా పట్టుకో."